తమ్ముడితో మౌంట్ విట్నీ, ఒక రాత్రి బస: కింద ఉండగానే తేల్చుకోవాల్సిన సంగతులు

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీరు ఫ్రీమాంట్‌లో ఉంటారు, తమ్ముడు హ్యూస్టన్‌లో. జులై మధ్యలో ఆదివారం ఎక్కడం మొదలుపెట్టి సోమవారం దిగేలా ఇద్దరికీ కాలిఫోర్నియాలోని దాదాపు 14,500 అడుగుల మౌంట్ విట్నీ ఎక్కడానికి ఓవర్‌నైట్ పర్మిట్ వచ్చింది. తమ్ముడు శుక్రవారం రాత్రి ఫ్లైట్ దిగుతాడు. శనివారం కారులో కొండ కింది ఊరు లోన్ పైన్, ఆదివారం పొద్దున్నే నడక మొదలుపెట్టి సాయంత్రానికి 12,000 అడుగుల దగ్గరి ట్రయిల్ క్యాంప్, సోమవారం శిఖరం చూసి దిగి ఆ రాత్రికే ఇంటికి. అతను రోజూ జిమ్‌కి వెళ్తాడు గానీ ఎక్కిన కొండల్లో పెద్దది తిరుమలే. ఎక్కడ బస చేయాలి, ఎత్తు జబ్బు రాకుండా డైమాక్స్ మాత్ర వేసుకోవాలా, తిండి ఏం పట్టుకెళ్లాలి, వాడు వెనకబడితే ఏం చేయాలి అని అడిగారు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పైగా మీరు అడిగిన తీరు చూస్తే వెనకబడేది తమ్ముడే అని మీరు తేల్చేసుకున్నట్టుంది. ఎత్తు పడుతుందా లేదా అన్నది జిమ్‌ని బట్టీ ఉండదు, వయసుని బట్టీ ఉండదు. మారథాన్ పరిగెత్తేవాళ్లు 12,000 అడుగుల దగ్గర తల పట్టుకుని కూర్చోవడం, నెమ్మదిగా నడిచే పెద్దాయన పక్కనుంచి వెళ్లిపోవడం ఆ దారిలో మామూలే. తల పట్టుకునేది మీరే కావచ్చు. అప్పుడు తమ్ముడు ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి.

నేను మా చెల్లెలితో వెళ్లాను. అది మామూలుగా నోరు మూయదు. దారిలో మిర్రర్ లేక్ దాటాక మాట తగ్గింది. ఎక్కుడు కదా, ఆయాసం అనుకోవచ్చు. ట్రయిల్ క్యాంప్‌లో టెంటు వేసుకున్నాక ఎలా ఉందంటే "బానే ఉంది అక్కా" అంది. తిన్నావా అంటే తిన్నానంది. తెల్లవారుజామున మూడింటికి హెడ్‌ల్యాంప్ వెలుతురులో బేర్ క్యానిస్టర్ (ఎలుగులు తెరవలేని తిండి డబ్బా) మూత తీస్తే, రాత్రి దానికిచ్చిన ఉప్మా జిప్‌లాక్ కవర్‌లో అలాగే ఉంది, గడ్డకట్టి, చెంచా గుర్తు కూడా లేకుండా. నిలదీస్తే అప్పుడు బయటపడింది: సాయంత్రం నుంచే తలనొప్పి, రెండుసార్లు వాంతి వచ్చినట్టయింది, రాత్రంతా కునుకు లేదు. ఎందుకు చెప్పలేదే అంటే, "పర్మిట్ లాటరీ నువ్వు వేశావు, సెలవు నువ్వు పెట్టావు, నా మూలంగా ఆగిపోయిందంటే ఎలా?" అంది. చీకట్లోనే టెంటు విప్పి దిగడం మొదలుపెట్టాం. దారి దిగువన లోన్ పైన్ లేక్ దగ్గరకొచ్చేసరికి తలనొప్పి తగ్గి, ఆకలేస్తోందని గోల మొదలుపెట్టింది.

ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు ఇలా జరగడం తక్కువ. ఫ్రెండ్ అయితే "నా వల్ల కాదురా బాబూ" అని బండ మీద కూర్చుంటాడు. తోబుట్టువు అలా కూర్చోడు. ఒకరు పెద్దరికం కొద్దీ చెప్పరు, ఇంకొకరు మొహమాటం కొద్దీ చెప్పరు. అయితే ఒక లాభం కూడా ఉంది. మనిషి తేడాగా ఉంటే అందరికన్నా ముందు కనిపెట్టేది కూడా తోబుట్టువే. వాగేవాడు మౌనంగా ఉన్నా, నెమ్మదస్తుడు చిన్నదానికే కసురుకున్నా, నడకలో కాలు తడబడుతున్నా, చెప్పిందే చెబుతున్నా అది ఎత్తు చేసే పనే అనుకోండి. టీవీ రిమోట్ కోసం చిన్నప్పుడు పెట్టుకున్న గొడవలు కూడా 12,000 అడుగుల దగ్గర బయటికొస్తాయి. అప్పుడు జవాబు చెప్పకండి, గంటకెన్ని గుటకలు నీళ్లు తాగాడో చూడండి.

అందుకే "ఎలా ఉన్నావ్?" అని అడగొద్దు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అది. తలనొప్పి పదికి ఎంత? పొద్దున్నించి ఏం తిన్నావు, చూపించు. ఆఖరిసారి ఒంటేలుకి ఎప్పుడు వెళ్లావు? ఈ మూడూ అడగండి, మిమ్మల్నీ అడగమనండి. తలనొప్పితో పాటు వికారం గానీ, తల తిరగడం గానీ, మామూలు అలసటను మించిన నీరసం గానీ ఉంటే అది ఎత్తు జబ్బే. అక్కడ నుంచి పైకి అడుగు వేయకూడదు. ఆగి, తిని, నీళ్లు తాగి, తలనొప్పి మాత్ర వేసుకుని రెండు మూడు గంటల్లో తగ్గితే చూడొచ్చు, లేకపోతే దిగడమే. ఒక కాలి మడమని రెండో కాలి వేళ్లకి ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవమనండి. తూలితే మెదడు వాస్తోందని అర్థం. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు వస్తుంటే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెండింట్లో ఏది కనిపించినా అర్ధరాత్రి అని చూడకుండా దిగాలి. 2,000 అడుగులు దిగితే చాలాసార్లు మనిషి మారిపోతాడు.

జబ్బు చేసినవాణ్ని ఒంటరిగా కిందికి పంపకూడదు. అంటే ఇద్దరిలో ఎవరికి బాగా లేకపోయినా ఇద్దరి శిఖరమూ ఆ రోజుకి అయిపోయినట్టే. ఈ మాట ఫ్రీమాంట్‌లో, భోంచేసి కూర్చున్నప్పుడు, ఇద్దరూ పైకి అనుకోండి. జబ్బు కాకుండా ఉత్తి అలసటే అయితే వేరు సంగతి. ట్రయిల్ క్యాంప్‌లో టెంటులో స్లీపింగ్ బ్యాగు వేసుకుని ఒకరు ఆగి, ఇంకొకరు ఎక్కిరావచ్చు. జులైలో ఆ దారి మీద తెల్లవారుజాము నుంచే మనుషులుంటారు. కానీ ఎన్ని గంటలకల్లా తిరిగొస్తారో చెప్పి వెళ్లాలి. కారు తాళం ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి.

సామాను పంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. టెంటు గుడ్డ ఒకరు, పుల్లలు ఒకరు మోసి, దారిలో అరగంట దూరం వచ్చేస్తే ఇద్దరికీ నీడ లేదు. కనుచూపు దాటి విడిపోకూడదన్న నియమం పెట్టుకుంటేనే అలా పంచుకోండి. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు నడవాలి. వేగంగా నడిచేవాడు ముందుంటే మలుపు దగ్గర ఆగి కూర్చుంటాడు, వెనకవాడు చేరగానే లేచి పోతాడు. అలా ముందువాడికి విశ్రాంతి దొరుకుతుంది, అవసరమైనవాడికి దొరకదు. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగినంత వేగమే సరైన వేగం.

ఇప్పుడు మీ ప్లాను. దాంట్లో అన్నిటికన్నా నాకు నచ్చనిది తేదీలు. హ్యూస్టన్ దాదాపు సముద్రమట్టంలో ఉంది, ఫ్రీమాంటూ అంతే. లోన్ పైన్ ఊరు 3,700 అడుగులు. అక్కడ హోటల్లో పడుకుని, మర్నాటి రాత్రి 12,000 అడుగుల దగ్గర పడుకుంటే శరీరానికి అలవాటయ్యే వ్యవధే లేదు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దన్నది పర్వత వైద్యులు చెప్పే లెక్క. మీది ఒక్కరోజులో 2,500 మీటర్లు.

దీనికి మందు, తమ్ముణ్ని శుక్రవారం బదులు గురువారం రాత్రికే రప్పించుకోవడం. ఒక్క రోజు సెలవు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి యోసెమిటీ మీదుగా టియోగా పాస్ ఎక్కండి. 9,943 అడుగుల ఆ కనుమ జులై మధ్యకి మామూలుగా తెరిచే ఉంటుంది, అయినా రోడ్డు సంగతి చూసుకుని బయల్దేరండి. అవతలికి దిగి యూఎస్ 395 హైవే మీద దక్షిణంగా వచ్చి మామత్ లేక్స్‌లో పడుకోండి. ఊరు 7,900 అడుగుల దగ్గర ఉంటుంది, హోటళ్లున్నాయి. శనివారం లోన్ పైన్ దాకా వచ్చి, ఊళ్లో ఆగకుండా హార్స్‌షూ మెడోస్‌కి ఎక్కిపోండి. దాదాపు 10,000 అడుగుల దగ్గర అక్కడ టెంటు వేసుకునే చోటుంది, రిజర్వేషన్ ఉండదు, ముందొచ్చినవాళ్లకి ముందు. మధ్యాహ్నం కాటన్‌వుడ్ లేక్స్ వైపు బరువు లేకుండా రెండు మూడు గంటలు నడిచి వెనక్కి రండి. ఆ రాత్రి తల కాస్త దిమ్మెక్కినట్టుంటే భయపడొద్దు, ఒళ్లు ఎత్తుకి అలవాటుపడే పని అక్కడే జరగాలి. ఆదివారం మీరు విట్నీ పోర్టల్ దగ్గర నడక మొదలుపెట్టేసరికి రెండు రాత్రుల ఎత్తు ఒంట్లో ఉంటుంది.

ఈ మార్పు కుదిరితే ట్రయిల్ క్యాంప్‌లో పడుకోండి. కుదరకపోతే, అంటే తమ్ముడు శుక్రవారం రాత్రే వస్తాడంటే, ట్రయిల్ క్యాంప్ మాట మరిచిపోయి అవుట్‌పోస్ట్ క్యాంప్‌లో ఆగండి. పోర్టల్ 8,300 పైచిలుకు అడుగుల దగ్గర ఉంటే అవుట్‌పోస్ట్ 10,360. నాలుగు మైళ్లు కూడా ఉండదు, మధ్యాహ్నానికే చేరతారు, పక్కన జలపాతం, చెట్ల నీడ, రాత్రి నిద్ర పడుతుంది. దాని ఖరీదు మర్నాడు చెల్లించాలి. శిఖరానికి అక్కడి నుంచి 4,000 అడుగులకు పైన ఎక్కాలి, రాత్రి రెండింటికల్లా బయల్దేరాలి. ట్రయిల్ క్యాంప్ నుంచైతే 2,500 అడుగులే. చాలామంది ఈ అంకె చూసే ట్రయిల్ క్యాంప్ ఎంచుకుంటారు, రాత్రంతా టెంటులో అటూ ఇటూ దొర్లుతారు. మధ్యలో మిర్రర్ లేక్ దగ్గర గానీ, ట్రయిల్‌సైడ్ మెడో దగ్గర గానీ టెంటు వేయనివ్వరు.

ట్రయిల్ క్యాంప్ రాత్రి గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. పక్కన పడుకున్న తమ్ముడి ఊపిరి వింటుంటారు కదా. వేగంగా, ఇంకా లోతుగా తీసుకుంటూ వెళ్లి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఐదు సెకన్లు, పది సెకన్లు ఏమీ వినిపించదు. తర్వాత ఒక్కసారి ఎగశ్వాసతో మళ్లీ మొదలు. మొదటిసారి విన్నవాళ్లు భుజం పట్టి కుదిపి లేపేస్తారు. ఎత్తులో నిద్రలో ఇలా జరగడం మామూలే, దానంతటది జబ్బు కాదు. తలనొప్పీ వాంతులూ లేకపోతే పడుకోనివ్వండి. ఆక్సీమీటరు పట్టుకెళ్తారేమో, కోవిడ్‌లో కొన్నది ప్రతి ఇంట్లోనూ ఉంది. అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాడికీ 85 చూపించవచ్చు, చల్లటి వేలికి ఇంకా తప్పుడు అంకె చూపిస్తుంది. దాన్ని చూసి భయపడటమూ వద్దు, ధైర్యపడటమూ వద్దు.

డైమాక్స్ విషయం. దాని అసలు పేరు ఎసిటజోలమైడ్. ముందుజాగ్రత్తగా పెద్దవాళ్లకి సాధారణంగా రాసేది 125 మి.గ్రా., రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. ఇక్కడ ప్రిస్క్రిప్షన్ కావాలి, కాబట్టి ఇద్దరూ ఎవరి డాక్టర్ని వాళ్లు అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. అమ్మానాన్నలు వచ్చేటప్పుడు ఇండియా నుంచి ఒక షీటు తెప్పించుకుని సొంతంగా మింగే అలవాటు మనవాళ్లలో ఉంది, అది వద్దు. దీనివల్ల వేళ్లు తిమ్మిరెక్కినట్టుంటాయి, ఒంటేలు ఎక్కువవుతుంది, కోక్ తాగితే గ్యాసు లేనట్టు చప్పగా ఉంటుంది. ఇంట్లోనే ఒకరోజు వేసుకుని చూస్తే ఈ తేడాలకి అక్కడ కంగారు పడరు. డైమాక్స్ వేసుకున్నాం కదా అని తేదీలు కుదించడం మాత్రం పనికిరాదు.

శిక్షణకి మీ ఇంటి వెనకే మిషన్ పీక్ ఉంది. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే 2,000 అడుగుల పైన. అలిపిరి మెట్ల దారి ఎత్తు కూడా సుమారుగా అంతే. విట్నీకి అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆక్సిజన్ తగ్గించి, వీపున 12 కిలోలు కట్టారనుకోండి. కాబట్టి ఒకే రోజున మిషన్ పీక్ రెండుసార్లు బరువుతో ఎక్కి దిగగలిగితే కాళ్లు సిద్ధమైనట్టు. హ్యూస్టన్‌లో కొండల్లేవు, నిజమే. అపార్ట్‌మెంట్ మెట్లు, పార్కింగ్ గ్యారేజీ ర్యాంపు, ట్రెడ్‌మిల్ 15 శాతం వాలు, వీపున బియ్యం బస్తా. దిగేటప్పటి మోకాళ్లకి సాధన మెట్లు దిగడమే, జిమ్‌లో బరువులెత్తడం కాదు. మీకు వీలైతే ముందే ఒక వారాంతం టియోగా పాస్ నుంచి మౌంట్ డేనా ఎక్కిరండి. 13,000 అడుగుల పైచిలుకు, పోనూరానూ ఆరు మైళ్లే. ఎత్తు మీ ఒంటికి పడుతుందో లేదో అక్కడ తెలిసిపోతుంది.

దారి సంగతి చెప్తాను. పోర్టల్ నుంచి శిఖరానికి 11 మైళ్లు. ట్రయిల్ క్యాంప్ దాకా పెద్ద చిక్కేమీ లేదు, లోన్ పైన్ లేక్ పక్కదారి అందంగా ఉంటుంది గానీ వచ్చేటప్పుడు చూసుకోండి. ట్రయిల్ క్యాంప్ దాటితే 99 మెలికలని పేరుపడ్డ దారి. కొందరు లెక్కపెట్టి 97 అంటారు, ఆ గొడవ మనకెందుకు. నమ్మదగిన నీళ్లు దొరికే ఆఖరి చోటు ట్రయిల్ క్యాంపే, అక్కడే మనిషికి మూడు లీటర్లు వడకట్టి నింపుకోండి. మెలికల మధ్యలో తీగలు కట్టిన చోటొకటి ఉంది. మంచు ఎక్కువ పడిన ఏడు, 2023లో లాగా, జులైలోనూ అక్కడ గడ్డకట్టి ఉంటుంది. ఐస్ యాక్స్, క్రాంపాన్లు (బూట్లకి కట్టే ఇనుప పళ్లు) వాడటం రాకపోతే ఆ ఏడాది శిఖరం మీది కాదు. వెళ్లే వారం తాజా పరిస్థితి రేంజర్లని అడిగి తెలుసుకోండి.

మెలికలయ్యాక ట్రయిల్ క్రెస్ట్, 13,600 అడుగులు. పడమటి వైపు సెక్వోయా నేషనల్ పార్క్ అంతా ఒక్కసారి కళ్లముందు పరుచుకుంటుంది. చాలామంది ఇక్కడ అయిపోయిందనుకుంటారు. కాలేదు. దారి కాస్త దిగి జాన్ మ్యూర్ ట్రయిల్‌లో కలుస్తుంది, అక్కడి నుంచి ఇంకో 1.9 మైళ్లు. ఆ దిగింది మళ్లీ వచ్చేటప్పుడు ఎక్కాలి. శిఖరం చూసేశాం, ఇక దిగుడే అనుకున్న మనిషికి ఆ ఎక్కుడు ప్రాణం తీస్తుంది. అన్నాచెల్లెళ్లూ అక్కాతమ్ముళ్లూ మాటామాటా అనుకోవడం నేను ఎక్కువ విన్నది అక్కడే. దానికోసం ఒక పల్లీపట్టీ విడిగా జేబులో దాచుకోండి. ఆ 1.9 మైళ్లలో రాతి సూదుల మధ్య సందులు వస్తాయి, కిటికీలంటారు. ఎడమా కుడీ నేల జారిపోయినట్టుంటుంది గానీ దారి వెడల్పుగానే ఉంటుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు కాళ్ల వైపు చూస్తూ నడిచేయొచ్చు.

మధ్యాహ్నం 12 లోపు శిఖరం దిగడం మొదలుపెట్టి తీరాలి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం మబ్బులు ఎంత తొందరగా కమ్ముతాయంటే, ట్రయిల్ క్రెస్ట్ దగ్గర నీలంగా ఉన్న ఆకాశం శిఖరం చేరేసరికి ఉరుముతుంటుంది. శిఖరం మీద 1909లో స్మిత్సోనియన్ వాళ్లు కట్టించిన రాతి గది ఉంది. వాన రాగానే అందరి కళ్లూ దాని మీదికే పోతాయి. 1990 జులైలో అలా లోపలికి దూరినవాళ్ల మీదే పిడుగు పడి ఒక మనిషి చనిపోయాడు. పిడుగులప్పుడు అది గది కాదనుకోండి. ఉరుము వినబడితే శిఖరం ఇంకా అరమైలు ఉన్నా సరే వెనక్కి తిరగండి. అది కూడా ఇద్దరూ ముందే అనుకోవాల్సిన మాటే. అక్కడ నిలబడి ఓటింగు పెట్టొద్దు.

తిండి దగ్గర మనవాళ్లు చేసే ప్రయోగాలకి అంతులేదు. ఒకాయన ట్రయిల్ క్యాంప్‌లో కందిపప్పు ఉడకబెడుతూ గ్యాసంతా అవగొట్టడం చూశాను. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగినా పప్పు ఉడకదు, బియ్యం పలుకు పోదు. ఇంట్లోనే వండే పని పూర్తి చేసుకుని, అక్కడ మరిగిన నీళ్లు పోసి మూత పెడితే అయిపోయేవి తీసుకెళ్లండి. వేయించిన రవ్వకి తాలింపు పెట్టి ఆరబెట్టిన ఉప్మా, తాలింపు అటుకులు, నూడుల్స్. మొదటిరోజు మధ్యాహ్నానికి పులిహోర. నిమ్మకాయ కన్నా చింతపండుదైతే మేలు, ఎండకి పాడవదు. సున్నుండలు, పల్లీపట్టీ, ఖర్జూరాలు నడుస్తూ తినడానికి. ఎత్తులో తీపి మొహం మొత్తేస్తుంది, ఎనర్జీ జెల్ చూస్తేనే కడుపు తిప్పుతుంది. అప్పుడు పనికొచ్చేది పులుపూ ఉప్పూ. ఉప్పు రాసిన ఉసిరికాయ ముక్కలో, కాస్త చింతకాయ పచ్చడో నాలుక్కి తగిలితే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. ఒక్క హెచ్చరిక: ఆవకాయ ప్యాకెట్టు పట్టుకెళ్తే ఎత్తుకి గాలి వ్యాకోచించి బుడగలా ఉబ్బి, నూనె బ్యాగంతా పాకుతుంది. మరమూత సీసాలో, సగానికే నింపి పెట్టండి.

తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీను, లిప్‌బామ్, వాసన వచ్చే ప్రతిదీ రాత్రి బేర్ క్యానిస్టర్‌లోకి పోవాలి. విట్నీ జోన్‌లో క్యానిస్టర్ తప్పనిసరి, ఒక రాత్రికి ఇద్దరికీ ఒకటి సరిపోతుంది, కొనక్కర్లేదు, అద్దెకి తీసుకోండి. ట్రయిల్ క్యాంప్‌లో ఎలుగుల కన్నా మార్మట్లనే ఉడత జాతి జంతువులతో చిక్కు. పిల్లి కన్నా పెద్దవి, బొద్దుగా ముద్దొస్తుంటాయి. టెంటులో ఒక్క చిక్కీ ముక్క మరిచిపోయి శిఖరానికి పోతే, వచ్చేసరికి టెంటుకి కొత్త కిటికీ. చెమట ఉప్పు కోసం స్టిక్కుల పట్టీలు కూడా కొరుకుతాయి. చలిమంట వేయనివ్వరు. రాత్రి సున్నా డిగ్రీల దాకా పోవచ్చు, తెల్లవారుజామున మెలికల మీద గాలి కొడుతుంది. డౌన్ జాకెట్టు, గ్లవ్స్, టోపీ జులై కదా అని మానేయొద్దు.

మీరు అడగలేదు గానీ అడగాలనుకున్నారని నా అనుమానం: మలవిసర్జన. పూర్వం అవుట్‌పోస్ట్‌లోనూ ట్రయిల్ క్యాంప్‌లోనూ సోలార్ టాయిలెట్లు ఉండేవి, ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు వాగ్ బ్యాగులో, అంటే మలాన్ని మూసి మోసుకొచ్చే సంచిలో వెళ్లి, మూతికట్టి, పోర్టల్ దాకా మోసుకొచ్చి అక్కడి డబ్బాలో వేయాలి. పూడ్చడానికి మట్టి లేదు, అంతా బండే. మనిషికి రెండు తీసుకోండి, ఇంట్లో ఒకదాన్ని విప్పి ఎలా వాడాలో చూసుకోండి. వాడిన సంచిని పెట్టడానికి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకెళ్తే బ్యాగు బయట కట్టేయొచ్చు. అక్కాతమ్ముళ్ల మధ్య ఇది ఇబ్బందే. ట్రయిల్ క్యాంప్‌లో చాటు తక్కువ, పెద్ద బండలు వెతుక్కోవాలి, తెల్లవారకముందే పని కానిచ్చుకోవాలి. "నేను ఆ బండ వెనక్కి వెళ్తున్నా, ఇటు రాకు" అని చెప్పడానికి సిగ్గుపడి కడుపు బిగబట్టుకుంటే తిండి తినబుద్ధి కాదు, నీళ్లు తాగబుద్ధి కాదు, తలనొప్పి మొదలవుతుంది. ప్యాడ్లు కూడా వెనక్కి తేవాల్సిందే, వాటికి నల్ల కవరు విడిగా పెట్టుకోండి. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా పెట్టుకోండి.

సోమవారం రాత్రికే ఇంటికి అన్నారు. శిఖరం ఎక్కి, దిగి, టెంటు కట్టుకుని, పోర్టల్ చేరేసరికి ఆ ఒక్కరోజే 15 మైళ్లు దాటుతుంది, తెల్లవారుజామున మూడింటి నుంచి మెలకువ. దాని మీద ఏడెనిమిది గంటల డ్రైవింగ్ వద్దు, ఇద్దరూ మార్చుకున్నా వద్దు. కొండ మీద మీరిద్దరూ పడే జాగ్రత్తంతా 395 మీద ఒక్క కునుకులో పోతుంది. పోర్టల్ స్టోర్‌లో తిని, లోన్ పైన్‌లో రూము తీసుకుని, మంగళవారం పొద్దున్నే బయల్దేరండి. దారిలో మాంజనార్ దగ్గర గంట ఆగితే బాగుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపనీస్ అమెరికన్లని నిర్బంధించిన శిబిరం అది, పక్కనే రోడ్డు మీదే.

అమ్మకి చెప్పాలా అంటే, చెప్పండి, కానీ ఏ గంటకి ఎక్కడుంటారో చెప్పకండి. పగలూ రాత్రీ తారుమారు, ఫోను కలవదు, మధ్యలో ఆవిడకి నిద్రుండదు. ఆ వివరాలు ఇవ్వాల్సింది ఇక్కడ ఉన్న ఒక స్నేహితురాలికి. కారు నంబరు, ఏ క్యాంపులో పడుకుంటారు, సోమవారం రాత్రి తొమ్మిదిలోగా మెసేజ్ రాకపోతే ఇన్యో కౌంటీ షెరిఫ్‌కి ఫోన్ చేయాలని కాగితం మీద రాసివ్వండి. అక్కడ వెతుకులాట మొదలుపెట్టేది వాళ్లే. ఐఫోన్ 14, ఆ తర్వాతవైతే సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పోతుంది. ఎలా పంపాలో ఇద్దరూ ముందే నేర్చుకోండి. చలికి బ్యాటరీ పడిపోతుంది కాబట్టి రాత్రి ఫోను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

ఇంకొక్క పని, వీలైతే ఇవాళే. పర్మిట్ మీ పేరు మీద ఉంది, దాన్ని వేరేవాళ్లకి బదిలీ చేయరు. దరఖాస్తులో ఆల్టర్నేట్ లీడర్‌గా తమ్ముడి పేరు ఇచ్చారో లేదో రిక్రియేషన్ డాట్ గవ్‌లో తెరిచి చూడండి. ఇచ్చి ఉంటే, ఆ వారం మీకు జ్వరమొచ్చినా అతను వెళ్లొచ్చు. లేకపోతే మీరు రాకుండా ఆ పర్మిట్ చెల్లదు. మామత్‌లో రూమూ ఫ్లైటు టికెట్టూ మార్చేముందు అది తేల్చుకోండి. తమ్ముడు గురువారం రాగలడో లేదో తెలిశాక ఇక్కడే రాయండి, అవుట్‌పోస్ట్ నుంచి వెళ్లాల్సి వస్తే రాత్రి రెండింటి నుంచి గంటగంటకి ఎక్కడుండాలో లెక్క వేసి ఇస్తాను.